మోకాళ్ళ దాకా భవిష్యత్తు

ఫోన్లలో పాత సీరియల్ ముక్కలు చూసి పకపకా నవ్వుకునే పిల్లలూ, ఒక్క నిమిషం ఆగండి. అంతరిక్ష నౌక సిబ్బంది అంతా, మీసాలున్న మగాళ్ళతో సహా, కుచ్చుల స్కర్టులు వేసుకుని వరసగా నిలబడే ముక్క ఒకటి ఉందే, దాని కింద "ఎవడ్రా బాబూ ఈ డ్రెస్సులు కుట్టింది" అని రాస్తుంటారే, ఆ ఎవడో నేనే. రిటైరై మార్కాపురంలో ఇంటి అరుగు మీద కూర్చుని మీ కామెంట్లన్నీ చదువుతూనే ఉన్నాను. తిట్టండి, నాకేం నొప్పి లేదు. కానీ ఆ స్కర్టుల వెనక ఏం జరిగిందో తెలుసుకుని తిట్టండి.

మా నాయనకు మార్కాపురంలో టైలర్ దుకాణం ఉండేది. నేను అక్కడ కాజాలు కుట్టడం నేర్చుకుని, హైదరాబాదు పోయి, సినిమా వాళ్ళ కాస్ట్యూమ్ శాఖలో చేరి, చివరికి ఈ సీరియల్‌లో తేలాను. జనం అన్నం తినే వేళకు వచ్చేది అది. నౌక ఒకటి గ్రహం నుంచి గ్రహానికి పోతుంటుంది, పోయిన ప్రతిచోటా అక్కడివాళ్ళకు తెలుగే వస్తుంది. ఆ గ్రహాలన్నీ ఎక్కడివనుకున్నారు? మా ఊరి బయటి పలకల గనులే. నల్లటి రాతిముక్కల గుట్టలు, లోతు గుంటలు, చెట్టన్నది లేదు. లైటుకు నీలం కాగితం అడ్డం పెడితే చలి గ్రహం, ఎర్ర కాగితం పెడితే మంట గ్రహం. ఎండాకాలంలో ఎర్ర కాగితం ఖర్చు కూడా ఉండేది కాదు.

ఆ సీరియల్‌లో భవిష్యత్తు అంటే మగాళ్ళకు మెడ దాకా జిప్పు, ఆడవాళ్ళకు మోకాలికి జానెడు పైన ఆగిపోయే గుడ్డ. ఆ కొలత నేను పెట్టింది కాదు, డైరెక్టరు గారిది. నౌకలో ఉన్న ఒకే ఒక్క ఆడ ఉద్యోగికి పనల్లా మీట నొక్కి "తలుపులు తెరుచుకుంటున్నాయి కెప్టెన్" అనడం. ఏళ్ళ తరబడి ఆవిడకు అదే డైలాగు. యూనిట్‌లో అందరూ ఆవిడను తలుపులమ్మ అని పిలిచేవాళ్ళు, ఆవిడా పలికేది. కొత్త షెడ్యూల్ మొదలైనప్పుడల్లా నా గదికి వచ్చి "అన్నా, రెండు వేళ్ళు దించవా" అని అడిగేది. నేను దించేవాణ్ణి. డైరెక్టరు చూసి మళ్ళీ మడత పెట్టించేవాడు.

"భవిష్యత్తులో గుడ్డ తక్కువ వాడతారయ్యా," అన్నాడొకసారి.

"మరి మగాళ్ళకు మెడ దాకా ఎందుకు సార్?"

"వాళ్ళు బయట తిరుగుతారు కదా. చలి."

అంచు మడిచి కుట్టి ఇచ్చాను.

ఇట్లా నడుస్తుండగా ఛానల్‌కు కొత్త ఆఫీసరొకడు వచ్చాడు. కుర్రవాడు, మంచి చదువు, నోరు తెరిస్తే రిప్రజెంటేషన్, అంటే తెర మీద అందరికీ సమానంగా చోటుండాలని. ప్రపంచం మారిపోయింది, మన నౌక మారలేదు అన్నాడు. నిజమే మరి. ఇకనుంచి తలుపులమ్మే కెప్టెన్ అన్నాడు, అదీ బాగుంది. ఆడా మగా తేడా లేకుండా నౌకలో అందరికీ ఒకటే యూనిఫాం ఉండాలన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంటే ఆవిడకు ప్యాంటు కుట్టాలన్నమాట అనుకుని టేపు తీశాను.

"నో నో," అన్నాడు. "అందరికీ ప్యాంటిస్తే అది మామూలే కదా. అందరికీ స్కర్టు ఇస్తేనే ఫ్యూచర్."

"మీకు కూడా ఒకటి కుట్టమంటారా సార్?" అన్నాను.

ఆయన తన జీన్స్ ప్యాంటు వైపు చూసుకుని, నేను జోకేశాననుకుని నవ్వాడు. నేను జోకేం వెయ్యలేదు.

సరే, కుట్టాను. ముదురు నీలం గుడ్డ, నడుముకు నాడా, చుట్టూ కుచ్చులు, మోకాలికి జానెడు పైన. ఒకటే కొలత అన్నారు కాబట్టి ఒకటే కొలత. మొదటిది తీసుకుని మా హీరో గారి వ్యానుకు పోయాను. హీరో అంటే ఇన్నేళ్ళూ కెప్టెన్ వేషం వేసినాయన. వయసు అరవైకి దగ్గర పడింది, విగ్గు మాత్రం పాతికేళ్ళది. లోపల ఏసీ వేసుకుని, గళ్ళ లుంగీ తొడల దాకా ఎగ్గట్టి, కాలు మీద కాలేసుకుని మామిడిపండు తింటున్నాడు.

స్కర్టు చూడగానే పండు పక్కన పెట్టేశాడు. "నాకొక మర్యాద ఉందయ్యా! నలుగురి ముందు మోకాళ్ళు చూపించుకుంటూ తిరగమంటావా? నా వల్ల కాదు!" అని అరిచాడు. అరుస్తూ ఆవేశంలో లుంగీని ఇంకో మడత పైకి లాక్కున్నాడు. నేను పైకప్పు చూస్తూ నిలబడ్డాను.

ఆయన స్కర్టు వెయ్యనన్నాడు, ఒక ఆడమనిషి కింద పనిచెయ్యనన్నాడు, అసలు రాననీ అన్నాడు. ఛానల్ వాళ్ళు వణికిపోయారు. డైరెక్టరు మధ్యేమార్గం ఒకటి కనిపెట్టాడు. కథ రెండు రకాలుగా రాశారు. మార్కాపురం గనిలో తలుపులమ్మ కెప్టెన్‌గా గుట్ట ఎక్కి నిలబడే సీను ముందు తీస్తారు. సిబ్బంది సెల్యూట్ కొడతారు. అది చూడ్డానికి బాగుంటే ఆవిడే కెప్టెన్. నవ్వులాటగా ఉంటే అదే గుట్ట మీద బాంబు పేలి ఆవిడ చచ్చిపోతుంది, హీరో గారు ప్యాంటుతో మళ్ళీ కుర్చీ ఎక్కుతాడు. ఇదంతా ఆవిడకు చెప్పొద్దన్నారు.

కానీ మా శాఖలో ఒక సంగతి ఉంది. సీరియల్‌లో ఎవరికి చావు మూడిందో రచయిత తర్వాత మాకే తెలుస్తుంది. ఒకే డ్రెస్సు రెండు కుట్టి, రెండోదాన్ని దీపం మీద అక్కడక్కడా కాల్చి, మసి పుయ్యమంటారు. పేలుడు అయ్యాక శవానికి తొడగడానికి. ఆవిడకూ అట్లాగే రెండు కుట్టాను. మార్కాపురం లాడ్జిలో నేను ట్రంకు పెట్టె సర్దుకుంటుంటే ఆవిడ వచ్చి కాలినదాన్ని చూసింది.

"అన్నా, నాకు రెండు కుట్టావా?"

రెండోది ఎందుకు కుడతామో ఇన్నేళ్ళ యూనిట్ మనిషికి ఒకరు చెప్పాలా? ఆవిడ ఆ కాలిన కుచ్చుల్ని వేళ్ళతో సవరించింది.

"ఇది పోతే నాకింకేం లేదన్నా. ఈ వయసులో బయటికి పోతే అత్తగారి వేషాలే. కోడలి కాఫీలో ఏదో కలుపుతూ కళ్ళు ఉరుముతూ ఉండాలి." నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "ఒక్కసారన్నా తలుపు నేను తెరవకుండా, నాకోసం తెరుచుకుంటే చూడాలనుంది."

ఆ డైరెక్టర్ని, ఆ ఆఫీసర్ని, ఆ మామిడిపండు మనిషిని వరసగా నిలబెట్టి వాతలు పెట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. పెట్టలేదు. పోయి ఇస్త్రీ చేసుకున్నాను.

నౌక సిబ్బంది వేషాలకు హైదరాబాదు నుంచి మనుషుల్ని తేవడం దండగని, నా ఊరే కాబట్టి నన్నే చూడమన్నారు. గొర్రెలు కాసేవాళ్ళనీ సేద్యం చేసుకునేవాళ్ళనీ ఓ ఇరవైమందిని పోగుచేశాను. వాళ్ళలో పెద్ద తలకాయ యర్రగొండపాలెం వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి. బుర్రమీసాలు, భుజాన తువ్వాలు. నాకు వరసకు ఏమీ కాకపోయినా మామా అని పిలిచేవాణ్ణి. ఆయన మాటే మిగిలినవాళ్ళకు మాట. నేను స్కర్టులు పంచగానే వాళ్ళందరూ వాటిని వేళ్ళ కొసలతో పట్టుకుని ఆయన వైపు చూశారు.

"ఏంది అల్లుడా, పనుందని పిలిపించి ఆడోళ్ళ గుడ్డలిస్తా ఉండావు?"

"ఆడోళ్ళవి కాదు మామా, మిలిటరీ వాళ్ళవి. రాబోయే కాలపు మిలిటరీ."

"రాబోయే కాలంలో మిలిటరీకి గుడ్డ కరువొచ్చిందా ఏంది?"

"ఇప్పుడు నువ్వు కట్టుకున్నదేంది మామా?"

"లుంగీ."

"దానికీ దీనికీ తేడా ఏంది?"

ఆయన స్కర్టును తిప్పి తిప్పి చూశాడు. "దీనికి కుచ్చులుండాయి," అన్నాడు. కుచ్చులుంటే ఆడవాళ్ళది, లేకపోతే మగవాళ్ళది. అంతకన్నా పెద్ద సిద్ధాంతం మా హీరో గారి దగ్గర కూడా లేదు, అందుకే నేను వాదించలేదు.

"మా నాయన భాగోతాల్లో ఆడవేషం కట్టినాడు," అన్నాడాయన మళ్ళీ. "జడేసుకొని, గాజులేసుకొని తెల్లార్లూ ఆడినాడు. ఒక్కడన్నా నవ్వితే ఒట్టు. వేషమంటే దానికొక తీరుండాది. ఇది వేషమా, ఒట్టి గుడ్డలా, ఆ సంగతి చెప్పు. ఆ పెద్ద హీరో కూడా కడతాడా?"

హీరో గారు అప్పటికే దూరంగా గొడుగు కింద కుర్చీ వేయించుకుని, యూనిఫాం తొడుక్కోకుండా, గళ్ళ లుంగీ ఎగ్గట్టుకునే కూర్చున్నాడు. ఆయన ఉద్దేశం ఏమిటో గనిలో ఉన్న కాకులకు కూడా తెలుసు. పేలుడు అయ్యాకే ప్యాంటు తొడుక్కుంటాడు.

నేను ఏదో సర్దిచెప్పబోతుంటే తలుపులమ్మ స్కర్టులోనే వచ్చింది.

"పెద్దాయనా, ఆయన సంగతి వదిలెయ్యండి. నేను కట్టుకున్నాను కదా."

"నువ్వు ఆడకూతురువి తల్లీ. నీకు అలవాటే గదా."

"ఎవరు చెప్పారు? మా ఇంట్లో నేను ఇది కట్టుకుంటానా? ఇక్కడ ఇచ్చారు కాబట్టి కట్టుకున్నా. కూర్చుంటే లాక్కోవాలి. వంగితే వెనక పట్టుకోవాలి. గాలి వస్తే ముందు పట్టుకోవాలి. ఎవరైనా మాట్లాడుతుంటే కళ్ళు ఎక్కడున్నాయో చూసుకోవాలి. వీటన్నిటి మధ్యలో డైలాగు గుర్తుపెట్టుకోవాలి." పక్కనున్న బండ మీద ఎట్లా కూర్చోవాలో, ఎట్లా లేవాలో చేసి చూపించింది. "ఇవాళ మీరు కూడా కట్టుకుంటే మొదటిసారి నేనొక్కదాన్నే కాకుండా ఉంటాను. అంతే."

పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇన్నేండ్లు దీంతోనే పని చేసినావా తల్లీ?" అన్నాడు. ఆవిడ తలూపింది. ఆయన స్కర్టు తీసుకుని బండ చాటుకు పోయాడు. మిగతావాళ్ళు ఆయన వెనకే పోయారు.

బయటికి వచ్చాక చూడాలి వాళ్ళ తిప్పలు! ఒకడు గొంతుక్కూర్చోబోయి గబుక్కున లేచాడు. ఇంకొకడు గాలి వచ్చినప్పుడల్లా రెండు చేతులతో కుచ్చులు పట్టుకుని "ఓయమ్మో" అంటున్నాడు. ఫొటోలు తీస్తున్న మా లైట్ బాయ్‌ని పెద్దాయన "ఏందిరా చూస్తా ఉండావు, నీ ఇంట్లో కాళ్ళు లేవా" అని కసిరాడు. తలుపులమ్మ పగలబడి నవ్వింది. ఆవిడ అట్లా నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు.

సీను ఇది. ఆవిడ గుట్ట అవతల నుంచి ఎక్కి వచ్చి పైన నిలబడాలి. కింద సిబ్బంది ఆవిడను చూసి పిడికిలి గుండెకు ఆనించి తల వంచాలి. ఆ సెల్యూట్‌ను డైరెక్టరు ప్రత్యేకంగా కనిపెట్టాడు, పొద్దుటి నుంచి రుద్దుతూనే ఉన్నాడు. గుట్టకు పక్కగా పేలుళ్ళ మాస్టరు మందు పెట్టి, తీగ లాగి, సిద్ధంగా కూర్చున్నాడు. ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. కాలిన డ్రెస్సు నా చేతి మీదే ఉంది, దగ్గర ఉంచుకోమన్నారు కాబట్టి. దాన్ని పట్టుకుని నిలబడటం నాకు ఎంత సిగ్గనిపించిందో చెప్పలేను.

ఎండ మండిపోతోంది. కెమెరా సర్దుకునే లోపల మావాళ్ళు ఏం చేశారో తెలుసా? లుంగీ కట్టుకున్నవాడు ఊరికే నిలబడాల్సి వస్తే ఏం చేస్తాడో అదే చేశారు. కుచ్చుల స్కర్టుల్ని రెండు చేతులా అందుకుని, పైకి మడిచి, నడుము దగ్గర దోపుకున్నారు. ఉన్నదే జానెడు గుడ్డ, అదీ సగమైంది. కింద గళ్ళ నిక్కర్లు, చారల నిక్కర్లు.

"దించండి మామా, దించండి!" అని నేను మొత్తుకున్నాను.

"ఓ, మర్చిపోతిమి," అని దించారు. వెనక్కి తిరిగేసరికి మళ్ళీ దోపుకున్నారు. ఏం చెయ్యను? వాళ్ళకు ఊహ తెలిసినప్పటి నుంచి ఉన్న అలవాటది. ఇంతలో మబ్బు కమ్ముకొస్తోందని డైరెక్టరు తొందరపడి యాక్షన్ అన్నాడు. మావాళ్ళు ఎగ్గట్టుకుని ఉన్నారని ఎవరూ చూసుకోలేదు.

ఆవిడ గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. పలకల గుట్ట ఎక్కడమంటే మెట్లెక్కడం కాదు, కాలు పెడితే రాయి కాలితో పాటు జారుతుంది, అంచులు కత్తుల్లా ఉంటాయి. సగం ఎక్కాక జర్రున జారి మోకాళ్ళ మీద పడింది. ఇన్నేళ్ళూ జనం చూసిన ఆ మోకాళ్ళు చీరుకుపోయి రక్తం కారింది. డైరెక్టరు కట్ చెప్పడానికి నోరు తెరిచాడు. పేలుళ్ళ మాస్టరు ఆఫీసరు మొహంలోకి చూశాడు. ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. స్కర్టు లాక్కోనూ లేదు, పట్టుకోనూ లేదు. చేతులతో రాళ్ళు పట్టుకుని పాకి, పైకి చేరి, నిటారుగా నిలబడింది.

"కెప్టెన్ మాట్లాడుతున్నాను," అంది.

అంతే. కింద ఇరవైమంది చేతులు కదిలాయి. గుండె మీదికి కాదు, నడుము దగ్గరికి. దోపుకున్న అంచులు వదిలేశారు. వరస వరసంతా ఒక్కసారిగా కుచ్చులు కిందికి జారాయి. మా వైపు మీరు పుట్టి ఉంటే నేను చెప్పనక్కర్లేదు. ఎగ్గట్టిన లుంగీని పెద్దవాళ్ళ ఎదుట దించుతాం. మామ వచ్చినా, ఊరి పెద్ద ఎదురైనా, చేతులు వాటంతటవే పోతాయి. దించమని ఎవరూ చెప్పరు, మనకు తెలియకుండానే జరుగుతుంది. ఆ డైరెక్టరు పొద్దుటి నుంచి నేర్పిన పిడికిలి ఒక్కడికన్నా గుర్తుంటే ఒట్టు.

అప్పుడు మా పెద్దాయన పక్కకు తిరిగి గొడుగు వైపు చూశాడు. గళ్ళ లుంగీ తొడల దాకా ఎగ్గట్టి కూర్చున్న హీరో గారిని చూశాడు. కెమెరా తిరుగుతోందన్న ధ్యాసే మా పెద్దాయనకు లేదు.

"ఏందయ్యా పెద్దమనిషీ, ఆ యమ్మ నిలబడి ఉండాది, కనపడలా? దించు!"

ఎంత అధికారంతో అన్నాడంటే, హీరో గారు కుర్చీలోంచి దిగ్గున లేచాడు. లేచి, లుంగీ దించాడు. దించి, తల వంచుకుని నిలబడ్డాడు. ఆయనా ఏదో పల్లెటూరి బిడ్డే కదా, ఎప్పుడో వాళ్ళ నాయన అట్లాగే గద్దించి ఉంటాడు. ఏం చేశాడో ఆయనకు తర్వాత తెలిసింది, ఇంక మళ్ళీ ఎగ్గట్టడానికి లేకపోయింది.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. చేతిలో ఉన్న కాలిన డ్రెస్సుతోనే కళ్ళు తుడుచుకుంటే మసంతా మొహాన అంటుకుంది.

డైరెక్టరు కట్ అని అరిచి, "సెల్యూట్ ఏదిరా! నేనేం నేర్పాను, మీరేం చేశారు!" అని చిందులు తొక్కాడు. కెమెరామన్ కదల్లేదు. "సార్, ఒకసారి చూడండి," అన్నాడు. అందరం చిన్న తెర చుట్టూ మూగాం. నల్ల గుట్ట మీద రక్తం కారే మోకాళ్ళతో ఆవిడ, కింద నీలం అంచులన్నీ ఒక్కసారిగా వాలడం. ఎవరూ నవ్వలేదు. రెండోసారి వేయించుకుని చూశాక ఆఫీసరు గొంతు సవరించుకుని, "ఎగ్జాక్ట్‌లీ ఇదే నా విజన్," అన్నాడు.

పెట్టిన మందు వృథా పోకూడదని సాయంత్రం ఉత్త గుట్టను పేల్చేసి, తర్వాత దాన్ని శత్రు గ్రహంగా వాడుకున్నారు. ఆ లుంగీ దించడమే నౌకలో అధికారిక వందనమైంది. హైదరాబాదులో డాన్స్ మాస్టర్ని పెట్టి మరీ కుర్రాళ్ళకు ఎగ్గట్టడం, దించడం నేర్పించారు. భవిష్యత్ సంస్కృతుల మీద లోతుగా పరిశోధించి దాన్ని రూపొందించామని ఆఫీసరు ఇంటర్వ్యూలిచ్చాడు. మా గొర్రెల కాపరి పరిశోధన సంగతి అందులో రాలేదు.

అది ప్రసారమయ్యాక అసలు గోల మొదలైంది. మగాళ్ళ మోకాళ్ళు చూడలేక చస్తున్నాం, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సీరియల్, కాస్త మర్యాద ఉండొద్దా అని జనం దుమ్మెత్తిపోశారు. ఆవిడ మోకాళ్ళు అంతకు ముందు అన్నేళ్ళు ఆ ఇంటిల్లిపాదే చూశారు. ఒక్కరికన్నా మర్యాద గుర్తొచ్చిందా? వారం తిరక్కుండా ఆఫీసరు పరుగెత్తుకొచ్చి స్కర్టులు పిక్కల కిందికి దించమన్నాడు. హీరో గారు కూడా దిగివచ్చి, పిక్కల కిందికైతే తనకూ ఒకటి కుట్టమన్నాడు. కెప్టెన్ గారి సలహాదారు వేషం వేశాడు, పాపం, బాగానే చేశాడు.

స్కర్టులు దించమన్న రోజే ఆవిడ నా గదికి వచ్చింది. ఈసారి రెండు వేళ్ళు అని అడగలేదు. టేపు తనే అందుకుని నడుము నుంచి పిక్క కింది దాకా కొలుచుకుంది.

"అందరికీ ఒకటే కొలత కదన్నా?" అంది.

"ఒకటే కొలత కెప్టెన్ గారూ," అన్నాను.

ఆ కాలిన డ్రెస్సును నేను ఛానల్ వాళ్ళకు తిరిగివ్వలేదు. నాలుగు మడతలు పెట్టి నా ఇస్త్రీ బల్ల మీద పరుచుకున్నాను. నేను రిటైరయ్యే దాకా రోజూ పొద్దున్నే ఆవిడ యూనిఫాం దాని మీదే ఇస్త్రీ చేశాను.